రెండు వందల గుర్రాలు

గత నెల ఒక శుక్రవారం మగ్రిబ్ నమాజు ముగించుకుని మస్జిద్ మెట్లు దిగుతుంటే, వీధి మలుపులో పదిమంది కుర్రాళ్లు గుమికూడి కనిపించారు. తగవేదో జరుగుతున్నదనుకుని అడుగు వేగం పెంచాను. తగవు కాదు, కొత్త బండి. కుప్పడం చీరల వ్యాపారం చేసుకునే మా పరిచయస్తుల అబ్బాయి మహీంద్రా ఎక్స్‌యూవీ700 కొన్నాడు. ఏడు సీట్లది, టర్బో పెట్రోలు ఇంజనుది. షోరూమువారు కట్టిన రిబ్బను ఇంకా ఊడలేదు.

"అస్సలాము అలైకుమ్ చాచా! ఎక్కండి, ఓడరేవు దాకా వెళ్లొద్దాం. ఇషాకు ముందే దింపేస్తాను" అన్నాడు. ఎక్కాను. ఎక్కాలని నాకూ ఉన్నదని దాచుకోవడమెందుకు?

చీరాల దాటి సముద్రం వైపు తిరిగేదాకా అతను బండి గుణగణాలు చెబుతూనే ఉన్నాడు. రెండు లీటర్ల ఇంజను, 200 అశ్వశక్తి, 380 న్యూటన్ మీటర్ల టార్కు. 2021 అక్టోబరులో బుకింగులు తెరిచిన తొలిరోజున 57 నిమిషాల్లో 25 వేల బళ్లు బుక్కయిన సంగతి. అదే ఏడాది గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల రక్షణకు ఐదు నక్షత్రాలు, పిల్లల రక్షణకు నాలుగు నక్షత్రాలు వచ్చిన సంగతి. అమ్మకు మోకాళ్ల నొప్పి, పాత చిన్న కారులో దిగడం ఎక్కడం కష్టమయ్యేది. అందుకే కొన్నానని కూడా చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు గొంతు కొంచెం తగ్గింది. 200 అనే అంకె చెప్పేటప్పుడు మాత్రం పెరిగింది.

అశ్వశక్తి అనే మాట నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది. డెబ్బై ఐదు కిలోల బరువును ఒక సెకనులో ఒక మీటరు ఎత్తుకు లేపే శక్తిని ఒక అశ్వశక్తిగా లెక్కిస్తారు. గుర్రం వీధిలోంచి వెళ్లిపోయింది కాని కొలతలోంచి వెళ్లిపోలేదు. నా చిన్నతనంలో మన స్టేషను ముందు జట్కాలు వరుసగా నిలిచేవి. వాటిని తోలేవారిలో మనవాళ్లు ఎందరో ఉండేవారు. తాము తినకముందే గుర్రానికి ఉలవలు పెట్టేవారు. మెడకు గజ్జెలు కట్టి, నుదుట రంగు కుచ్చు వేలాడదీసి మురిసిపోయేవారు. ఈ అబ్బాయి మురిపెం కొత్తదేమీ కాదు. ఆనాడు ఒక్క గుర్రం, ఇప్పుడు రెండు వందలు.

ఈ మురిపెం తప్పా? కొందరు పెద్దలు కొత్త బండి కనబడగానే దుబారా అని పెదవి విరుస్తారు. ధర్మం అంత తొందరపడలేదు. సూరా నహ్ల్ ఎనిమిదో ఆయత్‌లో గుర్రాలను, కంచర గాడిదలను, గాడిదలను స్వారీ కోసమే కాదు, శోభ కోసం కూడా సృష్టించినట్లు అల్లాహ్ తెలియజేశాడు. మీకు తెలియనివెన్నో ఆయన సృష్టిస్తాడన్న భావం కూడా ఆ ఆయత్‌లోనే ఉన్నది. సౌకర్యవంతమైన వాహనం మనిషి సౌభాగ్యాలలో ఒకటని దైవప్రవక్త (స) చెప్పినట్లు హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖాస్ (రజి) ఉల్లేఖించారు. ఇబ్నె హిబ్బాన్ దానిని నమోదు చేశారు. మంచి భార్య, విశాలమైన ఇల్లు, మంచి పొరుగువాడు, వీటి సరసన వాహనానికి చోటు దక్కింది. ఆ తల్లి మోకాళ్లకు ఈ హదీసులో వాటా ఉన్నదని అతనితో అన్నాను.

అంతేకాదు, వేగం పట్ల ఉత్సాహం కూడా మన చరిత్రకు పరాయిది కాదు. మదీనాలో ప్రవక్త (స) గుర్రపు పందాలు పెట్టించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) స్వయంగా అందులో పాల్గొన్నారు. తర్ఫీదు పొందిన గుర్రాలకు హఫ్యా నుంచి సనియ్యతుల్ వదా వరకు ఐదారు మైళ్లు, తర్ఫీదు లేని వాటికి అక్కడి నుంచి బనీ జురైఖ్ మస్జిద్ వరకు ఒక మైలు. ఆ తర్ఫీదును తద్‌మీర్ అంటారు. మొదట గుర్రాన్ని బాగా మేపి బలిసేలా చేస్తారు. తర్వాత మేత తగ్గించి, కొట్టంలో బట్టలు కప్పి చెమట పట్టిస్తారు. కొవ్వు కరిగి, కండ గట్టిపడి, దమ్ము పెరుగుతుంది. "అంటే అది ఆనాటి ట్యూనింగే కదా చాచా!" అన్నాడు అబ్బాయి, స్టీరింగు మీద అరచేత్తో కొట్టి.

అవును, అంతే. కాని తర్ఫీదు గుర్రానికి, తర్ఫీదు లేని గుర్రానికి దూరాలు వేరుగా పెట్టారన్న సంగతి గమనించు అన్నాను. ఏ జంతువు దేనిని తట్టుకోగలదో తెలిసి చేసిన ఏర్పాటది.

అప్పుడు బయటపడింది అసలు జాబితా. ఇంజను కంప్యూటరును రీమ్యాప్ చేయిస్తే మరికొంత అశ్వశక్తి వస్తుందట. వెడల్పు అల్లాయ్ చక్రాలు, గట్టిగా మోగే సైలెన్సరు, ముందు ఉక్కు బుల్ బార్, అద్దాలకు నల్ల ఫిల్మ్, లారీలకు ఉండే రకం ఎయిర్ హారన్. అంతా కలిపి లక్షన్నర.

ఈ జాబితాలో చాలావాటికి జవాబు ఫత్వా అడగకముందే చట్టంలో దొరుకుతుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ప్రతి మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు. అద్దాలకు నల్ల ఫిల్మ్ అంటించడాన్ని సుప్రీంకోర్టు 2012లోనే నిషేధించింది. బుల్ బార్లను అడ్డుకోవాలని కేంద్రం 2017 డిసెంబరులో రాష్ట్రాలకు లేఖ రాసింది. దానికి కారణం తెలుసుకోదగినది. బండి ముందుభాగం గుద్దుకున్నప్పుడు నలిగిపోయేలా కావాలనే నిర్మిస్తారు. ఆ నలగడంలో దెబ్బ తీవ్రత కరిగి, లోపలివారికి తక్కువగా చేరుతుంది. ఉక్కు కమ్మీలు బిగిస్తే ఆ ఏర్పాటు చెడుతుంది, ఎయిర్‌బ్యాగులు విచ్చుకునే సమయమూ తప్పవచ్చు. పాదచారి సంగతి ఇక చెప్పనక్కరలేదు. అతను గర్వంగా చెప్పిన ఐదు నక్షత్రాలు మార్పులు చేయని బండికి వచ్చినవి.

రీమ్యాప్ వల్ల టర్బో ఒత్తిడి పెరిగి, ఆ భారం గేరుబాక్సు మీద పడుతుంది. వారంటీకి ఎసరు వస్తుంది, ప్రమాదం జరిగితే బీమా పరిహారానికీ పేచీ వస్తుంది. వెడల్పు చక్రాలకు టైరు పక్కగోడ పలచబడితే గుంటలో పడిన ప్రతిసారీ దెబ్బ నేరుగా రిమ్ముకు, ఆపై అమ్మ మోకాళ్లకు చేరుతుంది. మంచి టైర్లు, తలుపు పక్కన అంటించిన చీటీలో రాసిన గాలి ఒత్తిడి, చిన్నపిల్లకు చైల్డ్ సీటు, ఒక డ్యాష్‌క్యామ్: నేను చేయమన్న మార్పులు ఇవే. అతనికి అవి అంతగా రుచించలేదు.

ఇంకొకటి చెప్పాను. గంటకు 80 కిలోమీటర్ల నుంచి 100కు పెంచితే వేగం నాలుగో వంతే పెరుగుతుంది. ఢీకొన్నప్పటి శక్తి మాత్రం 56 శాతం పెరుగుతుంది. వందలో పోతున్న బండి, కాలు బ్రేకు మీదికి చేరే ఒక్క సెకనులోనే 28 మీటర్లు సాగిపోతుంది. మన 216వ నంబరు జాతీయ రహదారి మీద మిర్చి టిక్కీల లారీలు, వెనక దీపం లేని ట్రాక్టరు ట్రక్కులు, పక్కకు పొంగిన పత్తి లోడులు రాత్రి ఎలా ఎదురవుతాయో గుంటూరు వెళ్లి వచ్చేవారందరికీ తెలుసు.

ఓడరేవులో బండి ఆపాడు. గాలి బాగా వీస్తున్నది. డబ్బు ఎలా సర్దావని అడిగాను. కొంత సొంతం, 12 లక్షలు బ్యాంకు అప్పు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ తగ్గింది కదా అన్నాడు. నిజమే, పెద్ద ఎస్‌యూవీల మీద సెస్సుతో కలిపి 50 శాతం వరకు ఉన్న పన్ను 40 శాతానికి దిగింది. కాని పన్నులో మిగిలినది వడ్డీలో పోతే ఏం లాభం? తొమ్మిది శాతం వడ్డీకి, ఏడేళ్ల గడువుకు లెక్క వేశాం. నెలకు సుమారు 19,300 రూపాయలు. మొత్తం చెల్లించేది 16 లక్షల 22 వేలు. నాలుగు లక్షల పైచిలుకు వడ్డీ.

అతను మాట్లాడలేదు. నేనూ వెంటనే ఏమీ అనలేదు. వడ్డీ నిషిద్ధమని తెలియనివాడు కాదు. "వేరే దారి కనబడలేదు చాచా" అన్నాడు చివరికి. మన దేశంలో ఆ దారి ఇరుకైనదన్న మాట నిజం. ఇస్లామిక్ బ్యాంకింగ్ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని రిజర్వు బ్యాంకు 2017లో నిర్ణయించింది. అయినా ఇరుకు వేరు, మూసుకుపోవడం వేరు. రెండేళ్లు ఆగి నగదుతో కొనవచ్చు. అయినవాళ్ల దగ్గర ఖర్జె హసనా తీసుకుని, సూరా బఖరా 282వ ఆయత్ ఆదేశించినట్లు కాగితం మీద రాసుకోవచ్చు. వాడిన బండి కొనవచ్చు. మోకాళ్ల నొప్పికి అశ్వశక్తి అక్కరలేదు, ఎత్తయిన సీటు చాలు. ఈ మాట కటువుగా ఉంటుందని తెలిసే అన్నాను. అప్పు తీరకుండా చనిపోయిన ఒకరి జనాజా నమాజు చేయించడానికి ప్రవక్త (స) ముందుకు రాలేదు. ఆ అప్పు నాదని హజ్రత్ అబూ ఖతాదా (రజి) పూచీపడ్డాకే చేయించారు. వడ్డీ ఊసు లేని అప్పుకే అంతటి పట్టింపు ఉండేది.

అయిపోయిన దానికి ఏం చేయాలి? ఆ లక్షన్నరను మార్పులకు కాక అసలుకు జమ చేస్తే, అదే కిస్తీతో అప్పు 84 నెలలకు బదులు 70 నెలలకే తీరుతుంది. సుమారు లక్షా 17 వేల వడ్డీ తప్పుతుంది. ముందస్తు చెల్లింపుకు బ్యాంకు రుసుము ఎంత తీసుకుంటుందో మాత్రం అడిగి తెలుసుకోవాలి. ఈ లెక్కను అతను ఫోనులో రెండుసార్లు స్వయంగా వేసి చూసుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో గుర్రాల హదీసు చెప్పాను. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించినది, బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్నది. గుర్రం ముగ్గురికి మూడు విధాలు. అల్లాహ్ మార్గం కోసం పెంచినవాడికి పుణ్యం. అది మేసిన గడ్డి, తాగిన నీరు కూడా అతని ఖాతాలో పుణ్యమే. పరుల ముందు చేయి చాచకుండా బతకడానికి పెంచుకుని, దాని మెడ మీద, వీపు మీద అల్లాహ్‌కు ఉన్న హక్కును మరచిపోనివాడికి అది మరుగు. గర్వం కోసం, పదిమందికి చూపించుకోవడానికి పెంచినవాడికి భారం. గుర్రం ఒకటే, దాని జాతి గురించి గాని, వేగం గురించి గాని హదీసులో ఒక్క మాట లేదు.

"కారు వీపు మీద హక్కంటే ఏమిటి చాచా? జకాతా?"

జకాత్ కాదు. సొంత వాడకానికి ఉంచుకున్న వాహనం మీద జకాత్ లేదు. వీపు మీద హక్కంటే వీపే. మన వీధిలో రాత్రిపూట నొప్పులు వచ్చిన ఆడపిల్లను ఆసుపత్రికి చేర్చడం. జనాజాకు రాలేని ముసలివారిని తీసుకురావడం. వర్షంలో జుమాకు నడిచివచ్చే పెద్దమనిషి పక్కన ఆపడం. అతను కొంతసేపు వేళ్ల మీద ఏదో లెక్కపెట్టి, "మేము ఐదుగురం చాచా, సీట్లు ఏడు" అన్నాడు.

పేరాల వైపు వస్తుండగా తెల్లని విద్యుత్ కారు ఒకటి చప్పుడు లేకుండా మమ్మల్ని దాటిపోయింది. అతని పాదం యాక్సిలరేటరు మీద కదిలింది. ఆ క్షణాన నాకు ప్రవక్త (స) గారి ఒంటె అద్బా గుర్తుకొచ్చింది. ఏ పందెంలోనూ దానిని ఏదీ దాటేది కాదు. ఒకనాడు ఒక గ్రామీణ అరబ్బు తన పడుచు ఒంటె మీద వచ్చి దాటిపోయాడు. సహాబాలకు అది ఎంతో బాధ కలిగించింది. లోకంలో ఏది పైకెదిగినా దానిని కిందికి దింపడం అల్లాహ్ విధానమని ప్రవక్త (స) వారికి తెలియజేసినట్లు హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. ఇతనికి బండి అమ్మిన సంస్థే 2024 నవంబరులో తెచ్చిన విద్యుత్ ఎస్‌యూవీ, వారి లెక్క ప్రకారం, ఏడు సెకన్లలోపే వంద అందుకుంటుంది. ఈ కథ విని అతను నవ్వాడు. పాదం వెనక్కి తీశాడు. నల్ల ఫిల్మ్, బుల్ బార్ మానేస్తానన్నాడు. రీమ్యాప్ గురించి మాత్రం ఏమీ అనలేదు, నేనూ రెట్టించలేదు.

మస్జిద్ దగ్గరికి వచ్చేసరికి ఇషా అజాన్ వినిపిస్తున్నది. ఆ పదిమంది కుర్రాళ్లూ ఇంకా అక్కడే ఉన్నారు. నమాజు తర్వాత వాళ్లను రెండు దఫాలుగా గడియారస్తంభం దాకా తిప్పాడు. అందరిచేతా బెల్టులు పెట్టించాడు. ఎంత బతిమాలినా సన్‌రూఫ్ తెరవలేదు.