పరీక్ష ఆమె ఒక్కదానికేనా?

కడుపుతో ఉన్న ఆడవాళ్ళు ఆస్పత్రికి వెళ్తే మిగతా పరీక్షలతో పాటు హెచ్.ఐ.వి. పరీక్షా చేస్తారు. మంచిదే. మరి ఆమె భర్తకో? పిలిస్తే “నాకేం రోగం?” అంటాడు. ఒకరోజు కూలి పోతుందంటాడు. అసలు భయం వేరు. మా సత్యవేడు లాంటి ఊళ్ళో ఎవరు ఏ గది ముందు నిలబడ్డారో సాయంత్రానికి వీధంతా తెలిసిపోతుంది!

మన దేశంలో హెచ్.ఐ.వి.ని తొలిసారి గుర్తించింది 1986లో, మాకు దగ్గరున్న మద్రాసులోనే. డాక్టర్ సునీతి సొలొమన్ బృందం ఆ పని చేసింది. 2023 అంచనాల ప్రకారం దేశంలో పెద్దవాళ్ళలో ఇది 0.20 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 0.62 శాతం. అంటే మూడు రెట్లు!

ఇంట్లోనే ఎవరికి వారు చేసుకునే పరీక్షను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సిఫారసు చేసింది. చిగుళ్ళను పుల్లతో తుడిచో, వేలి నుంచి రక్తపుచుక్క తీసో చూసుకోవచ్చు. నెల తప్పితే మనం చూసుకునే గీతల పరీక్ష లాంటిదే. కెన్యాలోని కిసుములో గర్భిణులకు, బాలింతలకు ఈ కిట్లు ఇచ్చి ఇంటికి పంపారు. మామూలుగా ఆస్పత్రికి రమ్మని చీటీ పంపితే నూటికి 52 మంది మగవాళ్ళే పరీక్ష చేయించుకున్నారు. కిట్టు ఇంటికెళితే 91 మంది! మన ఆరోగ్య కేంద్రాల్లోనూ, అడిగిన ప్రతి గర్భిణికీ ఇలా కిట్టు ఇవ్వాలి.

అయితే కిట్టు రోగాన్ని ఆపదు. ఆ తర్వాత వేసే అడుగే ఆపుతుంది. రెండు గీతలు వస్తే అది చివరి మాట కాదు, ఐ.సి.టి.సి.లో ఉచితంగా మళ్ళీ పరీక్ష చేసి నిర్ధారిస్తారు. 2004 నుంచి ప్రభుత్వం మందులూ ఉచితంగా ఇస్తోంది. అవి క్రమం తప్పక వాడి, రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గితే భార్యాభర్తల కలయిక వల్ల రెండోవారికి సోకదు. బిడ్డనూ కాపాడుకోవచ్చు. లేదని తేలినా, వైరస్ సోకిన కొత్తలో పరీక్షకు దొరక్కపోవచ్చు. మూడు నెలలకు మళ్ళీ చూసుకోవాలి. భార్యకు లేదంటే భర్తకూ లేనట్టు కాదు.

ఇంకో మాట. పెళ్ళికి ముందో, అత్తింట్లోనో అమ్మాయి చేతికి కిట్టు ఇచ్చి “చేసి చూపించు” అనే రోజు రాకూడదు. అనుమతి లేనిదే పరీక్ష చేయరాదనీ, ఫలితం బయటపెట్టరాదనీ 2017 నాటి చట్టం చెబుతోంది. కొట్టే మొగుడున్న ఇంటికి కిట్టు తీసుకెళ్ళాలా వద్దా అన్నదీ ఆమే తేల్చుకోవాలి. సందేహముంటే 1097కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

బిడ్డ ఇద్దరిదీ అయినప్పుడు పరీక్ష ఒక్కరిదే ఎందుకు కావాలి?