సగం గుట్ట ఎవరి నెత్తిన పోస్తరు?

గుట్టలకు సైతం కులం కట్టిన దేశం మనది. పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ జిల్లాల ఇనుప రాయి గురించి ఏ పోటీ పరీక్షల పుస్తకం తెరిచినా ఒకటే మాట: తక్కువ రకం ఖనిజం. జగిత్యాల దిక్కు గుట్టలైనా, గోదావరి అవతల కల్లెడ, దస్తురాబాద్ గుట్టలైనా అదే ముద్ర. మన పిల్లలు దాన్ని బట్టీ పట్టి మార్కులు తెచ్చుకుంటున్నరు. తక్కువ రకం అని ఎవరన్నరు, ఎందుకన్నరు, ఎన్నాళ్లు అంటరు అని అడిగినోడు లేడు. తరతరాలుగా ఆ మాట పడ్డోళ్లం మనం. కాబట్టి మనమే అడగాలె.

ముందు రాయి సంగతి తెలుసుకుందాం. మన గుట్టల వయసు 250 కోట్ల ఏండ్లకు పైమాటే. అప్పటి సముద్రాల నీళ్లల్ల ఇనుము కరిగి ఉండేది. అది పొరలు పొరలుగా అడుక్కు దిగింది. ఒక పొర ఇనుము, ఒక పొర పలుగురాయి పదార్థం. తర్వాత ఆ పొరలు భూమి లోపలికి కూరుకపోయి, ఏడెనిమిది వందల డిగ్రీల వేడిల ఉడికినయి. ఆ ఉడుకుకు ఇనుము నల్లటి గింజ కట్టింది. దాన్నే మాగ్నెటైట్ అంటరు, మన సూదంటురాయి జాతి. నమ్మకం లేకపోతే బడి పిలగాండ్లతోని ఒక అయస్కాంతాన్ని దారం కట్టి వాగు ఇసుకల గుంజించి చూడుండ్రి. నల్ల ఇసుక మీసాల లెక్క అంటుకొని వస్తది.

బస్తర్ బైలడిల్లా గుట్టలల్ల కూడా ఇట్లాంటి పొరలే. అక్కడ కోట్ల ఏండ్ల వాన నీళ్లు పలుగును కడిగి తీసుకపోయినయి. ఇనుము మిగిలింది. అందుకే ఆ రాయిల 60 శాతానికి పైన ఇనుము దొరుకుతది. మన దగ్గర ఆ కడుగుడు జరగలేదు. ఇనుము, పలుగు ఇంకా ఒకదాన్నొకటి పట్టుకొనే ఉన్నయి. అసలు మాగ్నెటైట్‌ల 72 శాతం ఇనుము ఉంటది. రాయి బరువుల సగం పలుగే అయితే ఇనుము 36 శాతానికి పడిపోతది. తక్కువ రకం అనే మాట వెనక ఉన్న లెక్క ఇంతే. గింజ మంచిదే. దాంతోపాటు పొట్టు ఉన్నది. పొట్టు ఉన్నందుకు వడ్లను తక్కువ రకం అని ఎవడన్నా అంటడా?

ఈ పొట్టు తీసే విద్య మన నేలకు కొత్త కాదు. వాయిసీ అనే తెల్లదొర, డాక్టరు, భూగర్భ శాస్త్రం తెలిసినోడు, 1820ల నాటికే నిజామాబాద్ దిక్కు కోనసముద్రంల ఉక్కు చేసే తీరు చూసిండు. ఆయన రాత 1832ల కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికల అచ్చయింది. మట్టి మూసలల్ల ఇనుము పెట్టి, మూత వేసి, రాత్రింబగళ్లు కొలిమి ఊది ఉక్కు తీసేటోళ్లు. దాన్ని కొనుక్కపోయేటందుకు ఇరాన్ నుంచి వర్తకులు వచ్చేది. నిర్మల్ దగ్గరి దిమ్మదుర్తి గుట్టల ఇనుము పేరు సైతం పాత రాతలల్ల ఉన్నది. 2010ల ఇంగ్లండ్‌ల ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగుళూరు నియాస్ సంస్థ కలిసి ఉత్తర తెలంగాణ ఊర్లు తిరిగి చూస్తే, వందల చోట్ల ఇనుప చిట్టెపు దిబ్బలు, కొలుముల ఆనవాళ్లు బయటపడ్డయి.

డమాస్కస్ కత్తి అని ప్రపంచం పేరు పెట్టింది, సుల్తానుల నడుముకు కట్టింది. కానీ గుట్ట మీద రాయి కొట్టినదెవరు? వాగుల ఇసుక కడిగినదెవరు? బొగ్గు కాల్చి మోసినదెవరు? కొలిమి తిత్తి తోలుది. ఆ తోలు ఊనినదెవరు? కమ్మరి కొలిమి, మాదిగ తోలు, మాల మోత, ఆదివాసి అడివి కలిస్తేనే ఉక్కు అయింది. చేసినోని పేరు ఏ కత్తి మీద లేదు. సీమ నుంచి చవక ఇనుము దిగినంక, అడివి మీద సర్కారు కంచె పడినంక కొలుములు ఆరిపోయినయి. రాయి పోలేదు, బొగ్గు పోయింది, గిరాకీ పోయింది. అప్పుడు గదా ఈ రాయి తక్కువ రకమైంది!

తక్కువ ఎక్కువ గీతను రాయి గీసుకోదు. ఆఫీసులు గీస్తయి, ధరలు గీస్తయి. హెమటైట్ అనే ఇనుప రాయికి ఒకప్పుడు 55 శాతం ఇనుము ఉంటేనే లెక్క. 2009ల ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ ఆ గీతను 45 శాతానికి దించింది. ఒక్క కాగితంతోని నిన్నటి చెత్త ఇయ్యాల ఖనిజమైంది. రాయి రాయి లెక్కనే ఉన్నది. మన గుట్టలకు కూడా ఒకనాడు అట్లాంటి కాగితం వస్తది. 2015 చట్టం వచ్చినంక ఖనిజాలకు వేలంపాట రానే వచ్చింది.

ఆ దినం రెండు మాటలు ఒకేసారి వింటం. మీ ఊరికి ఫ్యాక్టరీ వస్తది, ఇంటికో నౌకరి అని ఒకడంటడు. పనికిరాని గుట్ట, పోతే ఏంది అని ఇంకొకడంటడు. రెండూ వినుండ్రి, రెండింటినీ నమ్మకుండ్రి. ఫ్యాక్టరీ మాట ఎట్లుంటదో బయ్యారం చెప్తది. 2014 విభజన చట్టంల ఉక్కు కర్మాగారం సంగతి చూడుమని రాసిండ్రు. రాయి నాసిరకమన్న మాట చూపి ఏండ్లు గడిపిండ్రు, కొలిమి ముట్టియ్యలేదు. పనికిరాని గుట్ట మాట ఎట్లుంటదో కరీంనగర్ గ్రానైట్ చెప్తది. పనికిరాని బోడ గుట్టలే బండలై రైలెక్కి కాకినాడ రేవుకు, అక్కడినుంచి చైనాకు పోయినయి. గుట్ట కింది వాడకు దుమ్ము మిగిలింది, గుంత మిగిలింది, మేకలకు మేత లేకుంట పోయింది.

ఇనుప గుట్ట తవ్వుడు గ్రానైట్ కన్నా కష్టం. 36 శాతం రాయిని ఉన్నదున్నట్టు కొలిమిల వెయ్యరు. పిండి లెక్క నూరి, నీళ్లల్ల కలిపి, అయస్కాంతపు డ్రమ్ముల మీద పారిస్తరు. నల్ల పొడి డ్రమ్ముకు అంటుకుంటది. మిగిలింది బురద. ఎంత మంచి మిషన్ పెట్టినా 100 టన్నుల రాయి నూరితే 50 టన్నులు బురదే. అంటే సగం గుట్ట. ఆ సగం గుట్టను ఎక్కడ పోస్తరు? నూరేటందుకు నీళ్లు ఎక్కడియి? శ్రీరాంసాగర్ కాలువ చివరి మడికి నీళ్లు అందుతలేవని కొట్లాడే జిల్లాలు ఇవి.

కర్ణాటక కుద్రేముఖ్ ఇట్లాంటి మాగ్నెటైటే. 1976ల కంపెనీ పెట్టిండ్రు. బురద పోసేటందుకు లక్యా వాగుకు అడ్డంగ పెద్ద ఆనకట్ట కట్టిండ్రు. భద్రా నదిల మన్ను మేట వేస్తున్నదని జనం కోర్టుకు పోయిండ్రు. సుప్రీంకోర్టు తీర్పుతోని 2005 ఆఖరుకు తవ్వకం బందయింది. కంపెనీ గని మూసుకున్నది. బురద కొండ ఇంకా అక్కడనే ఉన్నది. తవ్వినోడు పోతడు, పోసింది పోదు.

మన ఊర్లల్ల బురద పోసేటందుకు ఏ జాగ చూపిస్తరు? దొర మామిడి తోట చూపిస్తరా? గుట్ట బోరు మీద, చెరువు శిఖం అంచున మనకిచ్చిన అసైన్‌మెంట్ భూములు చూపిస్తరు. సర్కారు భూమే గదా, సర్కారు తీసుకుంటది అంటరు. అందుకే గుట్ట వేలానికి రాకముందే, ఎవ్వడూ అటుదిక్కు చూడని ఈ కాలంలనే, మనం చేసుకోవలసిన పనులున్నయి.

ఒకటి. అసైన్డ్ పట్టాలు, పహాణీ నకళ్లు, పన్ను రసీదులు అన్నీ ఒక్క దగ్గర పెట్టుకోవాలె. అసైన్డ్ భూమి తీసుకున్నా సొంత పట్టా రైతుతోని సమానంగ మార్కెట్ ధర కట్టియ్యాలని 2004ల మేకల పాండు కేసుల హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆ కేసు పేరు ప్రతి వాడల ఒక్కరికన్నా నోటికి రావాలె.

రెండు. గుంట భూమి లేని కూలోళ్లం మాకేం వస్తది అనుకోవద్దు. తీసుకునే జాగల మూడేండ్లుగా కూలి చేసి బతికే కుటుంబాన్ని సైతం 2013 భూసేకరణ చట్టం ప్రభావిత కుటుంబం అన్నది. ఉపాధి హామీ జాబ్‌కార్డు పారేసుకోకుండ్రి. గుట్ట మీద ఎవరు మేకలు మేపుతరు, ఎవరు తునికాకు ఏరుతరు, ఏ ఊట నీళ్లు ఎవరు తాగుతరు అనేది పేరుపేరునా రాసి, గ్రామసభల తీర్మానం చేయించాలె. కాగితం మీద లేనోడు లేనట్టే లెక్క.

మూడు. పెద్ద గనికి పర్యావరణ అనుమతి కావాలంటే బహిరంగ విచారణ పెట్టాలె. 30 రోజుల ముందు ప్రకటన వెయ్యాలె, సారాంశం తెలుగుల ఇయ్యాలె. ఆ సభల మన మొదటి ప్రశ్న ఎన్ని నౌకర్లు అని ఉండొద్దు. సగం గుట్ట ఎక్కడ పోస్తరు, నీళ్లు ఎక్కడినుంచి తెస్తరు, ఎన్నేండ్లు కాపలా కాస్తరు అని ఉండాలె. నౌకర్ల ముచ్చట దాని తర్వాత.

నాలుగు. ఆదిలాబాద్ ఏజెన్సీల సర్కారు భూమిని సైతం ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇయ్యొద్దని 1997 సమతా తీర్పు. గోండు, కొలాం, నాయకపోడు అన్నదమ్ములకు అది కోటగోడ. ఆ గోడ ఉంటే మీకు నౌకర్లు రావు అని మాల మాదిగలను ఎగదోసేటోళ్లు వస్తరు. ఆ మాట వినొద్దు. వాళ్ల గుట్ట కూలినంక మన గుట్ట నిలవదు.

ఇనుము తియ్యనే వద్దు అని మనం అంటలేం. మన తాతలు తీసిండ్రు, ప్రపంచం మెచ్చింది. కానీ ఉక్కు ఒకనికి, బురద మనకు అనే పంపకం ఇగ నడవదు. తక్కువ రకం మనుషులు లేరు, తక్కువ రకం రాళ్లు లేవు. తక్కువ చేసి చూపి దోచుకునే లెక్కలున్నయి. ఆ లెక్కలు చదవటం నేర్చుకుందాం. వేలం పాటోడు గుట్టకు ధర కట్టకముందే మన ప్రశ్నలు మనం రాసుకుందాం.

జై భీమ్!