ఒక సీటు, ఇద్దరు ప్రయాణికులు

పిల్లలూ! గుంటూరు నుంచి వికారాబాదు వెళ్ళే పల్నాడు ఎక్స్‌ప్రెస్ మీలో చాలామంది ఎక్కే ఉంటారు. రేపటి బండిలో ఒక్కటే సీటు మిగిలిందనుకోండి. పిడుగురాళ్ళలో ఒక అమ్మాయి, హైదరాబాదులో పరీక్ష ఉన్నదని ఆ సీటు అడిగింది. సరిగ్గా అదే క్షణాన గుంటూరులో ఒక తాతగారు ఆస్పత్రికి పోవాలని దాన్నే అడిగారు. గుమాస్తాలిద్దరికీ "ఖాళీ" అనే కనిపించింది. ఇద్దరూ టిక్కెట్లు ఇచ్చేస్తే ఏం గాను? తెల్లవారి రైల్లో పోట్లాటే!

వెనకటి రోజుల్లో రిజర్వేషనుకు లావుపాటి రిజిస్టర్లు ఉండేవి. రిజిస్టరు ఎవరి చేతిలో ఉంటే వారే పేరు రాసేవారు, మిగిలినవారు కాచుకునేవారు. 1985లో ఢిల్లీలో ఈ పనికి కంప్యూటర్లు పెట్టారు. దేశంలోని కేంద్రాలను కలిపే 'కాన్సర్ట్' అనే ఏర్పాటును 1994లో మొదట మన సికిందరాబాదులోనే నెలకొల్పారు. 1999 నాటికి అయిదు పెద్ద కేంద్రాలు ఒకటైనాయి.

కంప్యూటరులోని రిజిస్టరును డేటాబేస్ అంటారు. అందులో సీటుకొక వరుస ఉన్నదనుకుందాం. ఆ వరుసను దిద్దబోయే ప్రోగ్రాము ముందు దానికి తాళం వేసుకుంటుంది. పని కాగానే తీస్తుంది. పుస్తకమంతటికీ కాక ఒక్క వరుసకే తాళం వేయటంలో ఉంది తెలివి. పక్క సీటు కావలసినవారు ఆగనక్కర్లేదు గదా! 1970లలో అమెరికాలో ఈ తాళాల పద్ధతులకు శాస్త్రం కల్పించినవారిలో జిమ్ గ్రే ముఖ్యుడు.

అయితే ఒక్కొక్కప్పుడు తెరలన్నీ కదలక నిలిచిపోతాయి. యంత్రం చెడిందని అందరూ గోల పెడతారు. తెలిసినవాడు కాచుకున్నవారి జోలికి పోడు. తాళం ఎవరి దగ్గర ఉన్నదో వెతుకుతాడు. ఎవరు ఎవరికోసం ఆగారో డేటాబేసే చూపిస్తుంది. తీరా చూస్తే, ఏదో ప్రోగ్రాము సీటుకు తాళం వేసి, ఆ తరవాత "వయసెంత? డబ్బేదీ?" అని అడుగుతూ కూచుని ఉంటుంది. అవతల ప్రయాణికురాలు తీరిగ్గా కొంగుముడి విప్పుతున్నది! అడగవలసినవన్నీ ముందే అడిగి, ఆ తరవాత తాళం వేసి, రాసి, తీసేస్తే రెప్పపాటు పని. రిజర్వేషను ఫారం ముందే నింపి తెచ్చినట్టన్నమాట.

ఇంకొక చిక్కుంది. ఒకరు 21వ సీటుకు తాళం వేసి 22 కోసం చూస్తారు. మరొకరు 22కు వేసి 21 కోసం చూస్తారు. ఇక ఇద్దరికీ కదలిక లేదు. చాలా డేటాబేసులు ఈ ముడిని కనిపెట్టి, ఒకరి పనిని రద్దు చేస్తాయి. వారు మళ్ళీ మొదటినుంచి ప్రయత్నించాలి. ఎవరైనా సరే చిన్న నంబరుకే ముందు తాళం వేయాలని నియమం పెడితే ఆ ముడే పడదు.

మరి మన అమ్మాయి సంగతి? ఆమె తాళం ముందు పడింది. అది తీయగానే గుంటూరు కంప్యూటరు పాత "ఖాళీ"ని నమ్మక మళ్ళీ చూసింది. తాతగారికి వెయిటింగ్ లిస్టులో మొదటి నంబరు వచ్చింది.