దశాంశ బిందువు: దాచే అంకె, చూపే అంకె

దశాంశ బిందువు చూపుకు చిన్నది. దాని బాధ్యత మాత్రం పెద్దది. నేడు మనం వాడే దశాంశ స్థానవిలువల సంఖ్యామానం భారతదేశంలో పుట్టింది. 11వ శతాబ్దిలో పావులూరి మల్లన గణితాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. సమర్ఖండులో అల్‌ కాషీ 1427లో ముగించిన 'మిఫ్తాహ్‌ అల్‌ హిసాబ్‌' గ్రంథంలో దశాంశ భిన్నాల గణన విధానాన్ని వివరించాడు. తెలుగులో దశాంశమనీ, ఉర్దూలో ఆషారియా అనీ పిలుచుకునే ఈ విద్య మన ఉభయ భాషా విద్యార్థులకు ఉమ్మడి ఆస్తి.

ఆవిరి యంత్రాల కాలంలో లోకో షెడ్డుతో పేరుపొందిన మన బిట్రగుంటలో పెద్దలు జీతాల పట్టీలు చేతితో వ్రాశారు. 1957 ఏప్రిల్‌ 1న పదహారణాల రూపాయి నూరు నయాపైసల రూపాయిగా మారినప్పుడు కొత్త లెక్కకు అలవాటుపడ్డారు. నేడు ఆ పట్టీల స్థానాన్ని కంప్యూటరులోని డేటాబేసు ఆక్రమించింది. యంత్రం పొరపడదనే నమ్మకం మనలో ప్రబలింది. ఈ నమ్మకాన్ని పరీక్షించవలసి ఉన్నదని మా అభిప్రాయం.

కంప్యూటరు సున్న, ఒకటి అనే రెండంకెలతోనే లెక్కిస్తుంది. మూడింట ఒకటిని మనం 0.333 అని ఎంత వ్రాసినా ముగియనట్లే, పదింట ఒకటి దాని లెక్కలో ముగియదు. అందువల్ల 'ఫ్లోట్‌' రకపు గడిలో 0.1ని, 0.2ని కలిపితే 0.30000000000000004 రావడం కద్దు. డబ్బుకు ఈ రకం తగదు. ఎన్ని అంకెలో, బిందువు తరువాత ఎన్నో ముందే నిర్ణయించే 'డెసిమల్‌' రకమైనా వాడాలి. లేదా మొత్తాన్ని పైసలలోకి మార్చి పూర్ణాంకంగానైనా దాచాలి.

దాచడం ఒకటి, చూపడం మరొకటి. 750కి 450 మార్కులు వచ్చిన విద్యార్థికి సరిగా 60 శాతం. 449 వచ్చిన వానికి 59.87 శాతం. దశాంశాలు చూపని జాబితాలో ఇద్దరికీ 60 అనే కనిపిస్తుంది. ప్రథమ శ్రేణికి 60 శాతం కావలసినచోట రెండవవాడు జాబితా చూసి ఆశపడతాడు, తరువాత అన్యాయం జరిగిందని వగచుతాడు. సవరించిన 60నే దాచిపెడితే అసలు అంకె శాశ్వతంగా నశిస్తుంది. మొదటివాని శ్రమకు విలువ పోతుంది.

అడుగడుగునా అంకెను కత్తిరించడం ఎంత ప్రమాదమో వాంకూవర్‌ స్టాక్‌ ఎక్స్ఛేంజి చూపింది. 1982 జనవరిలో 1000తో మొదలైన సూచీని మార్చిన ప్రతిసారీ మూడు దశాంశాల తరువాతి భాగాన్ని కోసివేశారు. 1983 నవంబరుకు అది 524 దరిదాపులకు దిగజారింది. సరిచూడగా 1098 పైచిలుకుగా తేలింది.

కావున కళాశాల కమిటీ వారికి మా విన్నపం: వచ్చిన మార్కులు, మొత్తం మార్కులు పూర్ణాంకాలుగా దాచండి, శాతాన్ని అవసరమైనప్పుడే లెక్కించండి, సవరణ చివర ఒక్కసారే చేయండి, ఆ నియమాన్ని నోటీసు బోర్డుపై ప్రకటించండి. వేయి రూపాయలు ముగ్గురికి పంచగా మిగిలే ఒక్క పైసా ఎవరి ఖాతాకు చేరాలో కూడా ముందే వ్రాసిపెట్టండి. చిల్లర నాణెం చేతిలో కనబడకపోయినా, లెక్కలో దానికి చోటుండాలి. విద్యార్థి మిత్రులారా, యంత్రం చూపిన అంకెను గౌరవించండి. దాని వెనుక దాగిన అంకెను అడగడం మాత్రం మానకండి.