కీర్తిశేషులు విశ్వనాథరెడ్డిగారు

మహనీయుల స్మృతికి శిలావిగ్రహమే శరణ్యమని తలంచువారు ముల్కనూరునకుఁ బోయి చూడవలయును. నాటి కరీంనగరు జిల్లాలోని ఆ గ్రామమున 1956వ సంవత్సరమున అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డిగారు సహకార సంఘమును స్థాపించిరి. షావుకారు వడ్డీకి లోఁబడిన రైతు కళ్ళమునందే పంటను గోల్పోవు దినములవి. అప్పు, విత్తనము, ఎరువు, పంట విక్రయము అన్నియు నొక్కచోటనే లభించు నేర్పాటు వారు గావించిరి. రైతు తన ధాన్యమును సంఘమునకే యమ్మి, ఆ సొమ్ములోనుండి ఋణము దీర్చుకొనును. సర్కారు సాయమునకై చేయిచాఁచిన సంఘము లెన్నియో క్షీణించినవి; ముల్కనూరు నిలిచినది. ఆ యూరనే మహిళల పాడి సహకార సంఘమును వెలసినది.

సోదరులారా! పటమునకుఁ బూలమాల వేయుట సులభము. సభ్యుఁడై వాటాధనము చెల్లించి, గడువునకు ఋణము దీర్చి, ఏటేట లెక్క లడుగుటయే వారికి నిజమైన నివాళి.