దారి తెలిసినవాడు

కొండపల్లి కోటకు వెళ్ళివచ్చిన కుటుంబాలను ఏం చూశారని అడిగితే, "ఏముందండీ, పాడుబడిన గోడలు" అనే జవాబు తరచుగా వినిపిస్తుంది. మన యువకుల్లో కొందరు "మన నవాబుల కోట" అంటారు. అవతలివైపు నుంచి "మా రెడ్డిరాజుల కోట" అనే మాటా వస్తుంది. మొదటివారు కోటను చూడనే లేదు. తక్కిన ఇద్దరూ చూడకముందే పట్టా రాయించుకున్నారు.

ఆ రాళ్ళు ఎవరి చేతిలోనూ నిలవలేదు. 14వ శతాబ్దంలో కొండవీటి రెడ్డిరాజులు కట్టిన కోట అది. దానికోసం బహమనీలు, గజపతులు పోరాడారు, శ్రీకృష్ణదేవరాయలు జయించారు, తరువాత గోలకొండ కుతుబ్‌షాహీలు ఏలారు. 1687లో గోలకొండ కూలడంతో మొఘలుల పాలయింది. 1766లో ఆంగ్లేయులు పట్టుకుని, తమ సైనికులకు వసతిగృహాలు కట్టి, చివరకు తమవారి సమాధులను అక్కడే వదిలి వెళ్ళారు. గతించినవారి పర్యవసానాన్ని భూమిపై తిరిగి చూడమని దివ్య ఖుర్ఆన్ మనల్ని పదేపదే పురికొల్పుతుంది. ఆ చూపుతో కోట ఎక్కితే "మా", "మీ" అనే మాటలు దర్గా దర్వాజా దగ్గరే ఆగిపోవాలి.

అయితే చూపించేవారు లేనిదే గోడలు మాట్లాడవు. కొన్నేళ్ళ క్రితం బంధువుల పిల్లలతో వెళ్ళినప్పుడు, కొండ కింద ఉండే ఒక పెద్దాయనను కూలి మాట్లాడుకుని వెంట తీసుకువెళ్ళాము. ఆయన ముస్లిం కాదు. చిన్నతనంలో తండ్రితో కలిసి బొమ్మల కలప కోసం ఆ అడవి అంతా తిరిగిన మనిషి. తానీషా మహల్ ముందు పిల్లలు ఫోటోలకు నిలబడుతుంటే, "గోడలు తరవాత చూద్దురుగాని, ముందు వాన పడితే నీళ్ళు ఎటు పోతాయో చూడండి" అన్నాడు. వాలు వెంట నడిపించి చెరువు గుంటలను, ఊటతో నిండే కోనేటిని చూపించాడు. శత్రువు నెలల తరబడి కింద కాచుకుని కూర్చున్నా, పైనున్నవారు ఏ బలంతో నిలబడ్డారో పిల్లలకు అప్పుడు అర్థమైంది. జుహ్ర్ వేళ కాగానే, మేము అడగకముందే ఒక నీడపట్టు చూపి, "ఇటు పడమర, బాబూ" అని తాను కాస్త దూరంగా వెళ్ళి కూర్చున్నాడు.

ఆయన వెనక నడుస్తుంటే నాకు హిజ్రత్ ప్రయాణం గుర్తుకువచ్చింది. దైవప్రవక్త (సఅసం), హజ్రత్ అబూబక్ర్ (రజి) మక్కాను వీడి సౌర్ గుహలో మూడు రాత్రులు తలదాచుకున్నారు. పట్టి ఇచ్చినవారికి వంద ఒంటెలు బహుమానమని ఖురైషులు చాటించారు. అలాంటి వేళ వారు తమ ఒంటెలనూ తమ ప్రాణాలనూ అప్పగించింది అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్‌కు. అప్పటికి అతడు ఇస్లామ్ స్వీకరించలేదు. ఎడారి దారులు క్షుణ్ణంగా తెలిసినవాడు, మాట మీద నిలబడేవాడు కనుకనే కూలికి కుదుర్చుకున్నారు. చెప్పిన రోజున ఒంటెలతో గుహ దగ్గరకు వచ్చి, అందరూ నడిచే బాట వదిలి, సముద్రతీరం వైపు నుంచి వారిని మదీనాకు చేర్చాడు. హిజ్రత్ గురించి ఎన్నో ప్రసంగాలు వింటాం గాని, ఈ మనిషి పేరు ఎంతమంది పిల్లలకు తెలుసు? పక్కవీధి మనిషిని నమ్మడానికి వెనుకాడే ఈ రోజుల్లోనే అతని కథ ఎక్కువ అవసరం.

దూరదేశంలోనూ ఇలాంటి సంగతి ఒకటి ఉంది. అమెరికాలోని అరిజోనా ఎడారిలో కేన్యన్ డి షే అనే లోతైన రాతి లోయ ఉంది. నిట్రాయి గోడల తొర్రల్లో వందల ఏళ్ళనాటి ఇళ్ళ శిథిలాలు కనిపిస్తాయి. లోయ అడుగున తిరగాలంటే నవహో జాతి మార్గదర్శకుడు వెంట ఉండాలన్నది అక్కడి నియమం. విశేషమేమిటంటే ఆ ఇళ్ళు కట్టింది నవహోలు కారు, వారికంటే ముందటి ప్యూబ్లో ప్రజలు. అయినా ఆ లోయలో పంటలు పండించుకుంటూ, ఎవరో కట్టిన ఇళ్ళకు కావలి కాస్తున్నది నవహోలే. 1864లో అమెరికా సైన్యం వారి పంటలను, పీచ్ తోటలను నాశనం చేసి, వేలాదిమందిని వందల మైళ్ళు నడిపించి వెళ్ళగొట్టింది. 1868 ఒప్పందంతో వారు తిరిగి వచ్చారు. నేడు ఆ లోయను చూడవచ్చిన యాత్రికులు వారి వెనకే నడవాలి, వారికి రుసుము చెల్లించాలి.

మన కొండపల్లిలో అలాంటి నియమమేమీ లేదు. అందుకే మనంతట మనం అడిగి తీసుకువెళ్ళాలి. కూలి ముందే మాట్లాడుకోండి, దిగివచ్చాక బేరమాడకండి. పిల్లలు గోడలపై పేర్లు చెక్కకుండా చూసే బాధ్యత మాత్రం ఆయనది కాదు, మనదే.

దిగేటప్పుడు ఆ పెద్దాయన తెల్లపొణికి చెట్టును చూపించాడు. కొండపల్లి బొమ్మలన్నీ ఆ తేలికైన, మెత్తని కలపతో చెక్కినవే. బొమ్మకు చేతులూ తలా విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో ఎలా అతుకుతారో పిల్లలకు వివరించాడు. తన చిన్నప్పుడు ఊరి వెనకే దొరికే చెట్టు కోసం ఇప్పుడు చాలా లోపలికి పోవాలట. మీ అబ్బాయిలు వెళతారా అని అడిగాను. ఇద్దరూ ఇబ్రహీంపట్నంలో పనులకు పోతున్నారనీ, అడవి దారి వాళ్ళకు తెలియదనీ చెప్పాడు.