కెమెరా కొనుట: చిన్నదా, పెద్దదా?



గృహిణి పద్దుపుస్తకమునకును చలనచిత్రములు తీయు యంత్రమునకును సంబంధమేమని కొందఱు అడుగవచ్చును. నేడు మన పట్టణములలో వివాహములకును, గృహప్రవేశములకును, నృత్య ప్రదర్శనములకును వీడియో తీయు వృత్తి అనేక కుటుంబములకు అన్నము పెట్టుచున్నది. భర్త తీసికొనివచ్చిన దృశ్యములను భార్య కంప్యూటరు ముందు కూర్చుండి వరుసపఱచు ఇండ్లు కొన్ని. స్త్రీయే స్వయముగా కెమెరా చేబూని మండపమునకు పోవు ఇండ్లు మఱికొన్ని. అట్టి యింట కెమెరా యనునది సేద్యగాని యింటి ఎద్దు వంటిది. దానిని కొనవలసి వచ్చినపుడు తఱచుగా బ్యాంకులో తాకట్టునకు పోవునది ఇల్లాలి మెడలోని బంగారమే. కావున ఏ యంత్రము కొనవలెనను ప్రశ్న దుకాణమునందు నిలుచుండి తేల్చుకొనవలసినది కాదు. ఇంట దీపము ముందు ఇరువురును కూర్చుండి లెక్క చూచుకొనవలసినది.

ఈ నెల ఒక సోదరి యడిగిన దిదియే. “చేతిలో ఇముడు చిన్న సినిమా కెమెరా కొందుమా, లేక ఎక్కువ వెలగల పెద్దదానిని కొందుమా? పెద్దదానిని చూచినచో పెండ్లివారు గౌరవింతురని మావారందురు. చిన్నదియే చాలునని నాకు దోచుచున్నది. మిగిలియున్నది ఒక్క హారము. ఏమి చేయుదుము?” అని యామె ప్రశ్న.

ఈ వివాదము నూతనము కాదు. 1925లో అమెరికాలోని బెల్ అండ్ హోవెల్ వారు ‘ఐమో’ అను చేతి కెమెరాను వెలువరించిరి. దానికి తాళము త్రిప్పవలెను. నూఱడుగుల ఫిల్ము పట్టును. అది నిమిషమునకు పైన కొలది సెకనులు మాత్రము నడచును. ఐనను యుద్ధభూములకును వార్తాచిత్రములకును అదియే పోయెను. స్టూడియోలలో మాత్రము పలువురు కూడి జరుపవలసిన బరువైన మిచెల్ కెమెరాలు రాజ్య మేలెను. ఒకటి చేయు పని రెండవది చేయలేదు. నేటికిని ధర్మమిదియే.

వట్టిమాటలతో తెలియదు గనుక, ఒకే సంస్థ చేసిన రెండు యంత్రములను ఎదురెదురుగా పెట్టి చూతము. సోనీ వారు 2020లో ఎఫ్ ఎక్స్ 6 అను కెమెరాను, 2021లో ఎఫ్ ఎక్స్ 3 అను దానిని విడుదల చేసిరి. మొదటిది పెట్టె యాకారము గలది. ఒడలు మాత్రమే సుమారు 890 గ్రాములు. రెండవది ఫొటో కెమెరావలె చేతిలో ఇముడును. ఒడలు సుమారు 640 గ్రాములు. విడుదల నాడు అమెరికాలో పెద్దదాని వెల సుమారు 6,000 డాలర్లు, చిన్నదాని వెల సుమారు 3,900 డాలర్లు. వెలలో నింత భేదము గలిగియు, వెలుతురును గ్రహించు కన్ను, అనగా సెన్సారు, రెంటను ఇంచుమించుగా ఒక్కటియే. లాగ్ అను విధానమున రికార్డు చేయునపుడు రెంటికిని 800, 12,800 అను రెండు మూల ఐ.ఎస్.ఓ. స్థాయులు గలవు. రెండవ స్థాయిలో కన్ను మొదటిదానికంటె పదునాఱు రెట్లు చుఱుకుగా నుండును. అర్ధరాత్రి ముహూర్తమునకు దీపములు చాలని పల్లెటూరి పందిరిలో గూడ ఈ గుణము ఆదుకొనును. పెండ్లికూతురి ముఖము రెండు యంత్రములలోను ఒక్క రీతిగనే తోచును. కావున సోదరీ, ఎక్కువ సొమ్ము పోసినచో ఎక్కువ యందమైన బొమ్మ వచ్చునను భ్రమను మొదట విడువుము. ఆ సొమ్ము బొమ్మకు గాదు; పనిలోని సౌకర్యమునకు.

ఆ సౌకర్యములలో మొదటిది ఎండను అదుపు చేయుట. ఛాయాగ్రాహకులకు ఒక ప్రాత లెక్క కలదు: నిండు ఎండలో ఐ.ఎస్.ఓ. సంఖ్య యెంతయో షట్టరు వేగము సెకనులో అన్నవ వంతు ఉన్నచో, లెన్సు ద్వారము ఎఫ్ 16 వద్ద నుండవలెను. 800 ఐ.ఎస్.ఓ.కు 800వ వంతు అన్నమాట. కాని సెకనుకు 25 చిత్రముల చొప్పున తీయునపుడు కదలిక సహజముగ గన్పట్టుటకు 50వ వంతు వేగము నుంచుట వాడుక. అపుడు వెలుతురు పదునాఱు రెట్లు అధికముగ వచ్చును. దానిని ఆపుటకు ద్వారమును ఎఫ్ 64 వఱకు మూయవలెను. సాధారణపు లెన్సులు అంతవఱకు మూసికొనవు. కావున కంటికి నల్లటద్దము పెట్టినట్లు, వెలుతురును తగ్గించు ఎన్ డి ఫిల్టరు వేయవలెను. పెద్దదగు ఎఫ్ ఎక్స్ 6లో ఈ ఫిల్టరు ఒడలిలోపలనే యున్నది. వెలుతురును నాలుగవ వంతు మొదలుకొని 128వ వంతు వఱకు క్రమక్రమముగ తగ్గించును. 128వ వంతు వేసినచో ఎఫ్ 64 కావలసిన చోట ఎఫ్ 5.6 చాలును, ముఖము స్పష్టముగను, వెనుకనున్న జనము మెత్తగను ఉండు చిత్రము మిట్టమధ్యాహ్నమునందును లభించును.

చిన్నదగు ఎఫ్ ఎక్స్ 3లో ఈ యేర్పాటు లేదు. లెన్సు ముందు విడిగా ఫిల్టరు బిగింపవలెను. ఎదురుకోలు ఊరేగింపు వీథిలోని ఎండనుండి మండపములోని నీడకు ప్రవేశించు క్షణమున పెద్ద కెమెరా పట్టినవారు ఒక చక్రమును త్రిప్పుదురు. చిన్న కెమెరా పట్టినవారు ఫిల్టరును ఊడదీయుదురు. ఆ ఊడదీయు నంతలో వరుడు గడప దాటిపోవును. అయస్కాంతముతో అంటుకొను ఫిల్టరులు కొంత మేలు. త్రిప్పిన కొలది నలుపు మాఱు చౌక ఫిల్టరులు విశాలమైన లెన్సుపై ఆకాశమున అడ్డదిడ్డముగ నల్లని పట్టీలను చూపును గాన, కొనుటకు ముందు పరీక్షింపవలెను.

రెండవ సౌకర్యము శబ్దమును, తీగెలును. పెద్దదానికి మైకు తీగెలు బిగించు ఎక్స్ ఎల్ ఆర్ రంధ్రములు ఒడలికే యున్నవి. చిన్నదానికి అవి పై పిడిలో నున్నవి. పిడి తీసివేసినచో అవియు పోవును. మండపములోని పెద్ద తెరకు చిత్రమును పంపవలసినపుడు పెద్దదానికి ఎస్ డి ఐ అను తీగె గలదు. అది త్రిప్పి బిగించినచో ఊడదు, దూరము పోవును. చిన్నదానికి హెచ్ డి ఎమ్ ఐ మాత్రమే. పరుగెత్తు పిల్లవాని కాలు తగిలినచో ఊడివచ్చును. మార్పిడి పెట్టె యొకటి మధ్య నుంచి సరిపెట్టుకొన వచ్చును. నాలుగు కెమెరాలను ఒక్క కాలములో నడపు పనులలో కాలసంకేతమును కలుపుకొనుటకు గూడ పెద్దదియే సులువు.

ఇక చిన్నదాని గుణములు వినుడు. చేతి వణకును సరిచేయు ఏర్పాటు ఎఫ్ ఎక్స్ 3 ఒడలిలో నున్నది. ఎఫ్ ఎక్స్ 6లో లేదు. తేలిక గనుక చిన్న గింబల్ పై నిలుచును. ఒక్కరే మోసికొని బస్సులో పోవచ్చును. జనము దానిని చూచి బిగుసుకొనరు. మన యింటి పెద్దమ్మ కన్నీరు తుడుచుకొను క్షణమును అది దొంగిలింపగలదు. 2008లో వచ్చిన ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’ చిత్రములో ముంబయి మురికివాడల దృశ్యములు పెక్కింటిని ఎస్ ఐ 2కె అను చిన్న డిజిటల్ కెమెరాతో తీసిరి. కన్ను చేతిలోను, రికార్డు చేయు కంప్యూటరు వీపుమీది సంచిలోను ఉండెను. ఇరుకు సందులలో పిల్లల వెంట పరుగెత్తుటకు పెద్ద యంత్రము పనికిరాదు. 2009 ఆస్కారు సభలో ఛాయాగ్రహణ బహుమానము ఆ చిత్రమునకే దక్కెను.

2023లో విడుదలైన ‘ది క్రియేటర్’ అను హాలీవుడ్ చిత్రమును ఎఫ్ ఎక్స్ 3 తోనే తీసిరని విని అనేకులు ఉబ్బిపోయిరి. ఇచ్చట జాగ్రత్త వహింపవలెను. ఆ కెమెరాకు వారు కోవా అను ప్రాత ఎనమార్ఫిక్ లెన్సు తగిల్చిరి. చిత్రమును వెలుపలి రికార్డరులో పట్టిరి. వెనుక గొప్ప కళానిపుణుల సైన్యమే యుండెను. కత్తిపీట ఒకటే యైనంతమాత్రమున వంట ఒకటే కాదు గదా! చిన్న యంత్రము చాలునని మాత్రమే ఆ చిత్రము నిరూపించినది. చిన్న యంత్రము ఒక్కటియే చాలునని కాదు.

మఱొక మోసము కూడ నున్నది. చిన్న కెమెరా కొని, దానికి ఇనుప పంజరము, వెలుపలి తెర, పెద్ద బ్యాటరీ, ఫిల్టరు పెట్టె, మైకు, తీగెలు ఒక్కొక్కటిగ తగిల్చినచో, ఏడాది తిరుగునప్పటికి బరువునందును వెలయందును అది పెద్దదాని దాపునకు వచ్చును. పైగా ఎన్ని అతుకులో అన్ని ఊడు స్థానములు. ఆ యలంకారము లన్నియు నిజముగ ప్రతిదినము కావలసినవారు మొదటనే పెద్దదానిని కొనుట మేలు.

పద్దులో వ్రాయ మఱచు వ్యయములను గూడ చెప్పెదను. ఈ తరగతి యంత్రములలో సెకనుకు 140 మెగాబిట్లు సామాన్యమగు రికార్డు వేగము. దానిచొప్పున గంటకు 63 గిగాబైట్లు. పెండ్లిలో ఆఱు గంటలు తీసినచో 378 గిగాబైట్లు. జీలకఱ్ఱ బెల్లము పెట్టు క్షణము మఱల రాదు గనుక, రెండు కార్డులలో నొక్కమాఱే రికార్డు చేసి, ఇంటికి వచ్చి రెండు డిస్కులలో దాచవలెను. ఒక్క పెండ్లికి 756 గిగాబైట్ల చోటు కావలెను. మాఘమాసమున పది పెండ్లిండ్లు వచ్చినచో డిస్కుల ఖర్చేమో లెక్కింపుడు. వీనికి తోడు మంచి లెన్సు, మైకు, రెండు దీపములు, కదలని ట్రైపాడు, అదనపు బ్యాటరీలు. చెప్పిన రెండు కెమెరాలకును లెన్సు బిగింపు ఒక్కటియే గావున నేడు చిన్నదానికి కొన్న లెన్సు రేపు పెద్దదానికిని పనికివచ్చును. యంత్రము నాలుగేండ్లలో ప్రాతబడును, లెన్సు నిలుచును.

గౌరవము మాట కూడ విచారింతము. పెద్ద కెమెరా చూచి మన్నించువారు కలరు, కాదనను. కాని క్షేమేంద్రుడు కావ్యమునకు ప్రాణమని చెప్పిన ఔచిత్యము పనిముట్లకును వర్తించును. పెండ్లివారు ఆ దినమున చూచునది కెమెరాను. పదియేండ్లు చూచునది వీడియోను. పురోహితుని మంత్రము వినబడక, కన్యాదాన సమయమున తండ్రి ముఖము మసకగా నున్నచో, భుజముపై మోసిన యంత్ర మెంత పెద్దదియైనను రెండవ కూతురి పెండ్లికి పిలువరు.

స్త్రీలకు చెప్పవలసిన మాట యొకటి. కెమెరా బరువు, ఆడవారు మోయలేరను సాకు చిరకాలము మన దారికి అడ్డు నిలిచినది. ఆసియాలో తొలి మహిళా ఛాయాగ్రాహకురాలని ప్రసిద్ధి గాంచిన బి. ఆర్. విజయలక్ష్మిగారు 1980ల నాటి బరువైన ఫిల్ము కెమెరాలతోనే చిత్రములు తీసి ఆ సాకు చెల్లదని చూపిరి. నేడు ఒడలు ఒక కిలోగ్రాము లోపలనే యున్నది. బరువు మిష పెట్టి మీ చేతికి ఈయకుండువారికి ఈ లెక్క చెప్పుడు.

ఇక తీర్పు. ఒక్కరు లేక ఇద్దరు కూడి పెండ్లిండ్లు తీయువారు, తిరుగుడు పని గలవారు, చిన్నదానిని కొనుడు. దినమంతయు ఎండలో తీయువారు, గంటలకొలది సంభాషణములు రికార్డు చేయువారు, తెరలకును ప్రత్యక్ష ప్రసారములకును తీగె లిచ్చువారు, పెద్దదానిని చూడుడు. ఇంకను పెద్దవగు యంత్రములు, 2022లో వచ్చిన ఆరి వారి అలెక్సా 35 వంటివి, కొనుటకు గావు, అద్దెకు తెచ్చుకొనుటకు. అద్దె విషయమున ఒక సులభమగు లెక్క చేయుడు. రెండు కెమెరాల వెలలలోని భేదమును పెద్దదాని దినపు టద్దెతో భాగింపుడు. వచ్చిన సంఖ్య నూఱు దినములై, ఏటికి పండ్రెండు దినములే మీకు పెద్దది కావలసియున్నచో, ఆ సొమ్ము తీఱుటకు ఎనిమిదేండ్లు దాటును; అంతలో యంత్రమే ప్రాతబడును. వడ్డీ వేఱు. అట్టివారు చిన్నదానిని కొని, కావలసిన దినమున పెద్దదానిని అద్దెకు తెచ్చి, ఆ యద్దెను పెండ్లివారి పద్దులోనే వ్రాయవచ్చును.

ప్రశ్నించిన సోదరి యింటి పని పెండ్లిండ్లేయని యామె ప్రశ్నవలన తెలియుచున్నది. కావున అమ్మా, నీ తలంపే సరియైనది. ఒక దినము రెండు కెమెరాలను అద్దెకు తెచ్చి, మీ వీథిలోని ఎండయందును మీ వంటయింటి నీడయందును మీవారే స్వయముగ తీసి, రెంటిని ప్రక్కప్రక్కన చూడనిమ్ము. వాదమక్కఱలేకయే ఆయన యొప్పుకొందురు. చిన్నదానిని కొని, మిగిలిన సొమ్ములో మంచి లెన్సును, మంచి మైకును కొనుడు. అప్పటికిని హారము తాకట్టు పెట్టవలసివచ్చినచో, పెట్టకముందే విడిపించు తేదీని పద్దుపుస్తకమున వ్రాసి, ఆ పంక్తి క్రింద మీవారి సంతకము చేయించుకొనుము.